క్లచ్ పెడల్ కిర్రుమంటే గేర్‌బాక్స్ దించాలా?

భూగర్భ గనిలో పని మొదలుపెట్టే ముందు పైకప్పును కడ్డీతో తట్టి, చెవి ఒగ్గి వింటారు. రాయి గట్టిగా ఉంటే ఖంగుమంటుంది. పొర విడిపోయి ఉంటే డొల్లగా పలుకుతుంది. ఆ తేడా పట్టుకోవడం మీదే ప్రాణాలు ఆధారపడి ఉంటాయి. మా బొగ్గు గనుల ఊరు గోదావరిఖనిలో అలాంటి చెవులున్నవాళ్లు ప్రతి కాలనీలోనూ కనిపిస్తారు. అయినా సొంత కారులో క్లచ్ తొక్కినప్పుడు కిర్రుమంటే మాత్రం, ఎక్కడ మోగుతోంది, ఎప్పుడు మోగుతోంది అని వినకుండానే తాళంచెవి మెకానిక్ షెడ్డులో ఇచ్చేస్తాం.

నేనూ అదే చేశాను. నిరుడు ఎండాకాలంలో నా పాత ఆల్టో పెడల్ కిర్రుమనడం మొదలైంది. “క్లచ్ సెట్ పోయిందన్నా, గేర్‌బాక్స్ దించాలె” అన్నాడు మెకానిక్. సరేనన్నాను. కొత్త ప్లేటు, కొత్త ప్రెషర్ ప్లేటు, కొత్త రిలీజ్ బేరింగు వేయించి ఇంటికి తెచ్చుకున్న మూడో రోజు మళ్లీ అదే కిర్రు. తీరా చూస్తే పెడల్ ఊగే ఇరుసు దగ్గరి చిన్న బుష్ ఎండిపోయి ఉంది. అలా వేల రూపాయలు ఇంకెవరికీ ఊరికే పోకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: పెడల్ కిర్రుమంటే క్లచ్ ప్లేటు అరిగినట్టే.

వాస్తవం: ప్లేటు అరుగుదల సాధారణంగా కిర్రు రూపంలో బయటపడదు. యాక్సిలరేటర్ తొక్కితే ఇంజిన్ హోరెత్తుతుంది, బండి మాత్రం ముందుకు దూకదు. ఎత్తు ఎక్కేటప్పుడు కాలిన వాసన వస్తుంది. అరిగిన ప్లేటు గుర్తులు అవి. కిర్రు పుట్టే చోట్లు చాలావరకు మన కాళ్ల దగ్గరే ఉంటాయి: పెడల్ ఇరుసు బుష్, పెడల్‌ను వెనక్కి లాగే స్ప్రింగు కొక్కెం, కేబుల్ బండ్లలో కేబుల్ కొన తగిలించే చోటు.

పట్టుకోవడానికి పానా కూడా అక్కర్లేదు. టిప్పర్ల రొద లేని వేళ, ఫస్ట్ షిఫ్ట్‌కు జనం కదలకముందు అయితే మంచిది. హ్యాండ్‌బ్రేక్ లాగండి, ఇంజిన్ ఆపండి, అద్దాలు ఎక్కించండి. పెడల్‌ను కాలితో కాదు, వంగి చేత్తో మెల్లగా నొక్కండి. మోత ఉన్నచోట లోహంలో సన్నని అదురు వేళ్లకే తెలుస్తుంది. ఇంట్లో ఇంకొకరిని పెడల్ నొక్కమని మీరు బానెట్ దగ్గర నిలబడితే ఇంకా స్పష్టం. శబ్దం డ్యాష్‌బోర్డు కింద నుంచి వస్తే పని మీ చేతుల్లోనే ఉంది. గేర్‌బాక్స్ వైపు నుంచి వస్తే క్లచ్ ఫోర్క్ ఆనే చోట గ్రీజు ఆరిపోయి ఉండవచ్చు. అది షెడ్డు పని.

ఇప్పుడు ఇంజిన్ స్టార్ట్ చేసి న్యూట్రల్‌లో ఉంచండి. ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు లేని గరగర, నడుస్తుండగా పెడల్ తొక్కితేనే వస్తే రిలీజ్ బేరింగు మీద అనుమానం. పెడల్ వదిలేసినప్పుడు మోగి, తొక్కగానే ఆగిపోతే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగు వైపు చూడాలి. ఈ రెండింటికీ గేర్‌బాక్స్ దించక తప్పదు. ఇంజిన్ ఆపినా, నడిచినా ఒకేలా కిర్రుమనే పెడల్‌కు మాత్రం ముందుగా ఆ పని చేయించకండి.

అపోహ: ఏదో ఒక ఆయిల్ కొడితే సరిపోతుంది.

వాస్తవం: మన ప్రాంతంలో ఎక్కువ చెరుపు చేసేది ఈ మాటే. ఇంట్లో ఉన్న కిరోసిన్, డీజిల్, ఇంజిన్‌లోంచి తీసిన నల్ల ఆయిల్, ఏది దొరికితే అది పోస్తారు. రెండు రోజులు నిశ్శబ్దం. ఆ తర్వాత ఆ తడికి దుమ్ము అంటుకుంటుంది. బొగ్గు పొడి మెత్తనిదే. దానితో కలిసి వచ్చే ఓపెన్‌కాస్ట్ గనుల మట్టిదిబ్బల దుమ్ము అలాంటిది కాదు. ఇక్కడ బొగ్గు మీద ఉండేది ఇసుకరాయి. అందులోని క్వార్ట్జ్ ఇనుమును కూడా గీస్తుంది. ఆయిల్, ఆ దుమ్ము కలిస్తే అరగదీసే ముద్ద తయారైనట్టే. బుష్‌ను రోజూ సానబట్టినట్టు అవుతుంది.

డబ్బాలో దొరికే డబ్ల్యూడీ-40 సంగతీ చెప్పాలి. 1953లో అమెరికాలో లోహానికి తుప్పు పట్టకుండా, నీటిని తరిమేయడానికి తయారుచేసిన ద్రవం అది. నలభయ్యో ప్రయత్నంలో కుదిరింది కాబట్టి పేరులో ఆ 40. తుప్పు వదిలించడానికి, మురికి కడగడానికి బాగుంటుంది. అందులో ఎక్కువ భాగం ఆవిరైపోతుంది కాబట్టి రోజుకు వందలసార్లు కదిలే ఇరుసుకు అది గ్రీజు పని చేయలేదు. దానితో కడిగి, బట్టతో పొడిగా తుడిచి, ఆ తర్వాత గ్రీజు పెట్టండి. ప్లాస్టిక్ బుష్ అయితే సిలికాన్ గ్రీజు, ఇనుముకు ఇనుము రాసుకునే చోట తెల్ల లిథియం గ్రీజు. శనగగింజంత చాలు. బుష్ పగిలి ఉంటే ఏ గ్రీజూ పనిచేయదు. పాతది పట్టుకెళ్లి దుకాణంలో చూపించి అదే కొలతది తెచ్చుకోండి.

కేబుల్ తొడుగులోకి మాత్రం ఆయిల్ పోయకండి. చాలా కేబుళ్లకు లోపల ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆయిల్, దుమ్ము కలిసి అక్కడ జిగటగా పట్టేస్తాయి. గేర్‌బాక్స్ ముందుండే గంట ఆకారపు డొప్పలోకి స్ప్రే కొట్టడం ఇంకా తప్పు. ఒక్క చుక్క ప్లేటు మీద పడినా క్లచ్ జారడం మొదలవుతుంది. మంచి ప్లేటును మనమే పాడుచేసుకున్నట్టు.

అపోహ: చప్పుడే కదా, బండి నడిచినన్నాళ్లు నడవనీ.

వాస్తవం: ఎండిన బుష్ చప్పుడుతో కొన్ని నెలలు నడుస్తుంది, నిజమే. కానీ కేబుల్ పోగులు ఒక్కొక్కటే తెగుతున్నప్పుడు కూడా పెడల్ బరువెక్కి కిర్రుమంటుంది. అది అర్ధరాత్రి సెకండ్ షిఫ్ట్ దిగి వస్తుండగా తెగితే గేరు మార్చలేక రోడ్డు మీదే నిలబడిపోతారు. హైడ్రాలిక్ క్లచ్ ఉన్న బండిలో పెడల్ వెనక గోడ మీద చేయి పెట్టి చూడండి. తడి తగిలితే మాస్టర్ సిలిండర్ కారుతోంది. కార్పెట్ మీద మరక కూడా అదే చెబుతుంది. మాస్టర్ సిలిండర్‌లో ఇంజిన్ ఆయిల్ పోస్తే రబ్బరు వాషర్లు ఉబ్బిపోతాయి. బండి పుస్తకంలో రాసిన బ్రేక్ ఫ్లూయిడ్ ఒక్కటే పోయాలి.

అపోహ: ఈ దుమ్ములో, ఈ ఎండలో ఏ క్లచ్ అయినా ఇంతే.

వాస్తవం: మే నెలలో రామగుండం ఎండ రబ్బరును, ప్లాస్టిక్‌ను ఎండగడుతుంది. దుమ్ము సంగతి చెప్పుకున్నాం. కానీ బేరింగును తినేది ఎక్కువగా మన ఎడమ కాలే. ఓపెన్‌కాస్ట్‌లో 100 టన్నుల డంపర్ షిఫ్టంతా ఎత్తులు ఎక్కుతుంది. దానికి క్లచ్ పెడలే లేదు, ఆ పని టార్క్ కన్వర్టర్ చూసుకుంటుంది. మనమేమో రాజీవ్ రహదారి మీద టిప్పర్ వెనక సగం క్లచ్ మీద నిలబడతాం. కాలు పెడల్ మీద ఆనించి ఉన్నంతసేపూ రిలీజ్ బేరింగు బరువు మోస్తూ తిరుగుతూనే ఉంటుంది. ఆగినప్పుడు న్యూట్రల్ చేసి కాలు పక్కన పెట్టండి.

ఇంట్లోనే చేసుకునేవాళ్లకు ఇంకో జాగ్రత్త. స్టీరింగ్ కింద పసుపు రంగు వైర్లు కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, ముట్టుకోవద్దు. జాకీ ఒక్కటే నమ్మి బండి కిందకు దూరొద్దు.

గేర్‌బాక్స్ దించక తప్పని రోజున మీరు పక్కనే ఉండండి. పాత బండి అయితే లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదొద్దని ముందే చెప్పండి; పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడవమనండి. తర్వాత పాత రిలీజ్ బేరింగును చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని, వేళ్లతో తిప్పండి. గరగరలాడితే మార్చాల్సిందే. నా ఆల్టోలోంచి తీసినది ఇప్పటికీ అలమారలో ఉంది. తిప్పితే మెత్తగా, చప్పుడు లేకుండా తిరుగుతుంది.