చిన్న కమతానికి ఏ బాతు?

పక్షుల పెంపకం అనగానే హనుమాన్ జంక్షన్ ప్రాంతంలో మనకు కోళ్లఫారములే స్ఫురిస్తాయి. కాని కాలువలు, వరిమళ్లు, దిగువన కొల్లేరు గల ఈ సీమకు బాతు క్రొత్త పక్షి కాదు. కోతలు ముగిసిన చేలలో రాలిన గింజలు మేపుకొంటూ మందలను తోలుకొని పోయే సంచార కాపరులను మనం ఎరుగుదుము. ఎకరమో అరెకరమో గల కుటుంబం ఇరవై ముప్పది బాతులు పెంచదలచినప్పుడు, “ఏ జాతి ఎక్కువ గ్రుడ్లు పెడుతుంది?” అని మొదట అడుగుతాము. అంతకు ముందే అడుగవలసిన ప్రశ్నలు రెండు కలవు: మేత ఎక్కడిది? కొనేవారెవరు?

గ్రుడ్లకు ప్రసిద్ధమైనది ఖాకీ కాంప్‌బెల్. 19వ శతాబ్ది చివరి సంవత్సరాలలో ఇంగ్లండులో అడెల్ కాంప్‌బెల్ అనే మహిళ రన్నర్, రూయెన్, అడవిబాతులను సంకరపరచి దీనిని రూపొందించినారు. ఏడాదికి 300 వరకు గ్రుడ్లు పెట్టగలదు. ఒక్కొక్కటి 65 నుండి 70 గ్రాములు తూగుతుంది. అయితే ఈ లెక్క సమతులమైన దాణా తిన్న పక్షిది. గట్టున దొరికిన నత్తలతో, పురుగులతో సరిపెట్టుకొన్న పక్షి నుండి అన్ని గ్రుడ్లు ఆశించరాదు. పైగా ఇది సాధారణంగా పొదగదు. పిల్లలను కొనవలెను, లేదా గ్రుడ్లను పొదుగుకోడి క్రింద 28 రోజులు ఉంచవలెను.

ఇండియన్ రన్నర్ పేరుకు ఇండియన్. పుట్టినిల్లు ఇండోనేషియా దీవులు. నిటారుగా నిలిచి పరుగెత్తే ఈ జాతి గ్రుడ్లలో ఖాకీకి తరువాతిది, మేత వెదుకుటలో మిక్కిలి చురుకైనది. మన నాటు బాతులు తక్కువ గ్రుడ్లు పెట్టినా, తిరిగి మేయుటకు, మన వాతావరణానికి అలవాటు పడినవి.

మాంసానికి తెల్ల పెకిన్ తగినది. చైనాకు చెందిన ఈ జాతి ఆరేడు వారాలలో రెండు కిలోలు దాటుతుంది. ఆ వయస్సు దాటిన తరువాత పెట్టిన దాణాకు తగిన బరువు పెరగదు గనుక, కొనేవారిని ముందే కుదుర్చుకొనవలెను. దక్షిణ అమెరికా జాతియైన మస్కోవీ తానే చక్కగా పొదుగుతుంది; దాని గ్రుడ్లకు 35 రోజులు పడుతుంది. దీనిని ఇతర బాతులతో కలిపితే పుట్టే సంకరం గొడ్డుబోతు. కనుక సంతతి కోరేవారు వేరుగా ఉంచవలెను.

ఇక అన్నిటికంటె ముఖ్యమైన విషయం. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో కోళ్లకు బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినది. బాతు ఆ వైరస్‌ను తాను జబ్బు పడకుండానే మోయగలదు. వలస నీటిపక్షులు దిగే కొల్లేరు మనకు చేరువలోనే ఉన్నది. కాబట్టి కోళ్లఫారముల చెంత బాతులను విచ్చలవిడిగా తిప్పుట మన పొరుగువాని జీవనాధారంతో చెలగాటమాడుట. అట్టి చోట బాతులను దడిలోనే పెంచవలెను. దడిలో పెంచితే మేత కొనవలసినదే. మేత కొనేటప్పుడు ఆ ఖర్చుకు ఫలమిచ్చే ఖాకీ కాంప్‌బెల్ మేలు. ఫారములకు దూరంగా సొంత మళ్లు, కాలువ ఉన్నవారికి రన్నర్ గాని నాటు బాతు గాని చాలును.

ఏ జాతికైనా ఈదుటకు చెరువు తప్పనిసరి కాదు. ముక్కు, కన్నులు మునిగేటంత లోతు గల నీటి తొట్టి చాలు. బూజు పట్టిన వేరుశనగ చెక్క, మొక్కజొన్న మాత్రం బాతుకు విషం. వానకాలంలో దాణా నిల్వపై కన్ను వేయవలెను. గ్రుడ్లు చాలా వరకు ఉదయం తొమ్మిది లోపలే పెడుతుంది గనుక, ఆ తరువాతనే బయటికి వదలవలెను. ఆరేడు ఆడ బాతులకు ఒక పోతు సరిపోతుంది.

గన్నవరంలో పశువైద్య కళాశాల ఉన్నది. పిల్లలను కొనుటకు ముందే అక్కడి నిపుణులను సంప్రదించుట మంచిది. మన విద్యార్థులలో పలువురు రైతుల, కూలీల బిడ్డలు. ఇంట బాతుల మాట వచ్చినప్పుడు “ఎన్ని గ్రుడ్లు?” అని గాక “ఎవరి మేత, ఎవరి పొరుగు?” అని అడుగగలిగితే వారి చదువు ఇంటికి అక్కరకు వచ్చినట్లే.