భోజనశాలలు - సరకుదారులు

హోటలుకు బోయిన గృహస్థుడు పలుచని సాంబారును, ఆలస్యపు వడ్డనను జూచి వంటవానిని నిందించుట పరిపాటి. కాని యా లోపమునకు మూలము పలుమారు వంటయింట నుండదు. దొడ్డిగుమ్మమున సరకు దింపిపోవువాని పద్దులో నుండును.

సరకు చేరవేత చెడిన నెంతటి సంస్థయు నిలువజాలదు. 2018 ఫిబ్రవరిలో బ్రిటనునందు కె.ఎఫ్.సి. సంస్థ, తనకు సరకు చేర్చుచుండిన బిడ్‌వెస్టు కంపెనీని మాని, డి.హెచ్.ఎల్. కంపెనీకి పని నప్పగించెను. సరఫరా అంతయు రగ్బీ పట్టణపు గిడ్డంగి నొక్కదానినే ఆశ్రయించెను. ఫలితముగా కోడిమాంసమునకే పేరుగన్న సుమారు 900 శాలలలో సగమునకు పైగా కోడిమాంసము లేక మూతపడెను. మార్చిలో ఉత్తరప్రాంతపు 350 శాలల పనిని పూర్వపు కంపెనీకే మరల నీయవలసివచ్చెను.

మన పట్టణములలోని రోగము వేరు, అది అరువు. పాలవానికిని, కూరగాయల రైతునకును నెలలకొలది బాకీపడిన యజమాని, ముదిరిన బెండకాయలను, నీళ్లు గలిసిన పాలను త్రిప్పిపంపజాలడు. పంపెనా, పాతబాకీ ముందు తీర్పుమను మాట వచ్చును. సరకుదారుడును మేలైన దానిని రొక్కమిచ్చువానికి బోసి, మిగిలినది ఇచ్చట దింపును. వడ్డీని ధరలోనే కలుపుకొనును. వంటవాడు దొరికినదానితో సరిపెట్టును. నష్టము తుదకు విస్తరి ముందు గూర్చున్నవానిదే.

2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టము, నమోదైన సూక్ష్మ, చిన్న ఉత్పత్తి సంస్థలకు చెల్లింపుగడువు 45 దినములను మించరాదని విధించినది. మించినచో, రిజర్వు బ్యాంకు ప్రకటించు బ్యాంకురేటునకు మూడింతల చొప్పున నెలవారీ చక్రవడ్డీ చెల్లింపవలెను. చట్టము మంచిదే. కాని నమోదు లేని పాలవానికి, ఆకుకూరల రైతునకు దాని యండ లేదు. ఉన్నవారును, రేపటి గిరాకీ పోవునను భయమున నోరు విప్పరు.

కావున హోటలు యజమానులకు మా హితవు: వారమువారము బాకీ తీర్పుడు, ఎదుటనే తూచి, ఎదుటనే చూచి సరకు పుచ్చుకొనుడు, ముఖ్యవస్తువులకు ఇరువురు సరకుదారుల నుంచుకొనుడు, కాసు తక్కువయని నమ్మకస్థుని విడువకుడు. రైతుసోదరులును మంచిసరకు పైని వేసి చెడుసరకు అడుగున గప్పు వాడుక మానవలెను. పండించువాని కష్టమునకు సకాలమున విలువ ముట్టిననే, తినువాని పైకమునకు తగిన విలువ ముట్టునని మా నిశ్చితాభిప్రాయము.