కారు అద్దములకు నల్ల ఫిలిం: చట్టము చెప్పునదేమి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పిరి. కృష్ణా డెల్టాలో ఆ యెండ నెఱుఁగని రైతు లేఁడు. ఒకప్పుడు జోడెద్దుల బండిపై ప్రయాణము చేసిన కుటుంబములు నేఁడు కారు కొని, ధాన్యపు బేరమునకును, ఆసుపత్రికిని, పిల్లల చదువులకును విజయవాడకు వచ్చి పోవుచున్నవి. కారు కొన్న కొలఁది దినములకే దానిని ఆటోనగర్‌నకుఁ గొనిపోయి అద్దములకు నల్ల ఫిలిం అంటించుట పలువురకు వాడుకయైనది. దీనినే కొందఱు కూలింగ్ పేపరందురు.

మన సభ్యులలో నొకరు ఇటీవల మమ్ము నిట్లడిగిరి: "ముందు తలుపుల అద్దములకు 50 పాళ్ల ఫిలిం వేయించుకొనుఁడు, అది చట్టమునకు లోఁబడినదే యని అంగడివారు చెప్పుచున్నారు. నిజమేనా?" ఈ ప్రశ్న ఒక్కరిది కాదు. కావున దీనికి సమాధానమును ఈ సంచికలో సభ్యులందఱకును విశదపఱచుచున్నాము. ఆ మాట నిజము కాదు. ఎందులకు కాదో తెలిసికొన్నచో సొమ్మును, అంతకంటె విలువైన ప్రాణమును కాపాడుకొనవచ్చును.

నియమము

మోటారు వాహనముల చట్టము 1988వ సంవత్సరమున చేయఁబడినది. దాని క్రింద 1989లో కేంద్ర మోటారు వాహనముల నియమములు వెలువడినవి. వానిలో 100వ నియమము అద్దములను గూర్చినది. వాహనపు ముందు అద్దమును, వెనుక అద్దమును వెలుతురులో నూటికి 70 పాళ్లకు తగ్గకుండ లోనికి రానీయవలయును. ప్రక్క అద్దములు నూటికి 50 పాళ్లకు తగ్గకుండ రానీయవలయును. డ్రైవరు ప్రక్కనుండు అద్దమును, ముందు సీటున కూర్చున్నవారి ప్రక్కనుండు అద్దమును ఈ రెండవ తరగతిలోనివే. కారు, వ్యాను, లారీ అను భేదము లేదు.

అంగడివారు పట్టుకొని చెప్పుచున్న 50 అను అంకె ఇచ్చటిదే. అయితే నియమములోని 50 అద్దమునకు సంబంధించినది. ఫిలిం పొట్లముపై వ్రాసియుండు 50 ఫిలింనకు సంబంధించినది. ఈ రెండును ఒకటి యనుకొనుటయే మొదటి పొరపాటు.

లెక్క

కారు అద్దము కర్మాగారమునుండి వచ్చునప్పుడే కొంత వెలుతురును ఆపును. ఒక కారు ప్రక్క అద్దము నూటికి 75 పాళ్లు రానిచ్చుననుకొందము. దానిపై 50 పాళ్ల ఫిలిం అంటించిన యెడల, అద్దము దాటిన 75 పాళ్లలో సగము మాత్రమే లోనికి వచ్చును. అనఁగా ముప్పదియేడున్నర పాళ్లు. నూరు బస్తాల పంటలో నాలుగవ వంతు ఒకరికి కొలిచి, మిగిలినదానిలో సగము మఱియొకరికి కొలిచిన రైతునకు ఇంటికి చేరునది ముప్పదియేడున్నర బస్తాలే గదా! అదే లెక్క.

70 పాళ్ల ఫిలిం అంటించినను ఆ 75 పాళ్లు యాబదిరెండున్నరకు దిగును. అదే ఫిలింను ముందు అద్దమునకు వేసినచో 70 పాళ్ల హద్దు దాటనే దాటును. కావున "50 పాళ్ల ఫిలిం" అనునది లెక్క ప్రకారమే నిలువదు. లెక్క సరిపోయిన ఫిలిం దొరికినను చిక్కు తీరదు. దానికి కారణము సుప్రీం కోర్టు తీర్పు.

సుప్రీం కోర్టు తీర్పు

అవిషేక్ గోయెంకా అను నాతఁడు వేసిన ప్రజాహిత వ్యాజ్యమున, ప్రధాన న్యాయమూర్తి ఎస్.హెచ్. కపాడియా గారి ఆధ్వర్యవమునఁగల ధర్మాసనము 2012 ఏప్రిల్ 27వ తేదీన తీర్పు చెప్పినది. వాహనముల ముందు, వెనుక, ప్రక్క అద్దములపై ఎన్ని పాళ్ల ఫిలింనైనను, మఱి యే యితర పదార్థమునైనను అంటించుట నిషేధింపఁబడినది. ఆ సంవత్సరము మే 4వ తేదీనుండి ఇది దేశమంతట అమలునకు వచ్చినది. ముఖ్యమైన భద్రత పొందుచున్న కొలఁదిమంది ప్రముఖులకు మాత్రమే మినహాయింపు ఈయఁబడినది.

వెలుతురు 70, 50 పాళ్లకు తగ్గకున్న ఫిలిం వేసికొన్న తప్పేమియని ఫిలిం తయారుచేయువారు వాదించిరి. న్యాయస్థానము అంగీకరింపలేదు. అద్దము తయారగునప్పుడే ఆ గుణము కలిగియుండవలయును గాని, తరువాత యజమాని దానిపై నేదియు చేర్పరాదని ధర్మాసనము నియమమునకు అర్థము చెప్పినది. కర్మాగారములోనే కొంచెము రంగుతో తయారై హద్దునకు లోఁబడియున్న అద్దము తప్పుకాదు. తరువాత అంటించిన ఫిలిం తప్పు. ఫిలిం ఉన్న వాహనమునకు చలానా వ్రాయుటయే గాక, ఆ ఫిలింను అచ్చటనే తొలగింపవలయునని కూడ అధికారులకు ఆదేశము కలదు. అందువలన జరిమానాతోఁ బాటు ఫిలింనకు పెట్టిన సొమ్మును పోవును.

జరిమానా విషయము. చట్టములోని 177వ సెక్షను 2019లో సవరింపఁబడిన పిమ్మట, మొదటి తప్పునకు 500 రూపాయల వఱకును, మరల చేసిన తప్పునకు 1500 రూపాయల వఱకును విధింపవచ్చును. దారిలో పట్టుపడినప్పుడు రాష్ట్ర ప్రభుత్వము నిర్ణయించిన రుసుము వసూలు చేయుదురు. గరికపాడు దాఁటి తెలంగాణమునకుఁ బోవు సభ్యులు అచ్చటను ఇదే నియమము కలదని గుర్తింపవలయును.

కేరళ తీర్పు మాట

2024 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఫిలింను అనుమతించినదను వార్త మన అంగళ్లలోను వ్యాపించినది. దాని నిజమిది. 100వ నియమము 2020లో సవరింపఁబడి 2021 ఏప్రిల్ 1వ తేదీనుండి అమలునకు వచ్చినది. అందు సేఫ్టీ గ్లాసు అను మాటతోఁ బాటు సేఫ్టీ గ్లేజింగ్ అను మాట చేరినది. లోపలి ముఖమున ప్లాస్టిక్ పొర గల అద్దము దాని క్రిందకు వచ్చుననియు, వెలుతురు 70, 50 పాళ్లకు తగ్గకున్నంతవఱకు దానికి జరిమానా వేయరాదనియు ఆ హైకోర్టు అభిప్రాయపడినది.

ఇది వినఁదగిన వాదమే. అయినను రెండు సంగతులు మఱవరాదు. ఒక రాష్ట్రపు హైకోర్టు తీర్పు మఱియొక రాష్ట్రమున కట్టుబాటు కాదు. మనకు హైకోర్టు అమరావతిలోనిది. రెండవది, ఆ తీర్పునందును 70, 50 పాళ్ల హద్దు చెక్కుచెదరలేదు. నేఁడు అంగళ్లలో "నల్లఁగా నుండవలె"నని కోరి వేయించుకొను ఫిలిం ఏ తీర్పు ప్రకారమును నిలువదు. కావున కేరళ మాట నమ్మి విజయవాడలో ఫిలిం వేయించుకొనవలదని మా సలహా.

కాలువ గట్టుపై రాత్రివేళ

చట్టము సంగతి అటుంచి మన దారులను తలఁచుకొందము. మన ఊళ్ల బాటలు అధికభాగము కాలువ గట్లపై నున్నవి. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల వంతెనలు ఇరుకైనవి, మలుపులు నిట్టనిలువు. కోఁతల కాలమున దారిపై ధాన్యము ఆరఁబోసియుందురు. వెనుక దీపము లేని ట్రాక్టరు ట్రక్కు నిలిచియుండును. కూలిపనినుండి తిరిగివచ్చు స్త్రీలు గట్టు వెంట నడచుచుందురు. మలుపున డ్రైవరు చూచునది ముందు అద్దముగుండ కాదు, ప్రక్క అద్దముగుండ. మధ్యాహ్నము సుఖముగాఁ దోఁచిన నలుపు, దీపములు లేని గట్టుపై రాత్రివేళ మనిషిని మఱుఁగుపఱచును. ఎదుటి పాదచారికి కూడ డ్రైవరు తనను చూచినాఁడా లేదా యని తెలియదు.

మఱియొక సంగతి కలదు. ప్రక్క అద్దము టఫెండ్ గాజు. గట్టి దెబ్బ తగిలినప్పుడు చిన్న గింజలవలె పగిలి రాలిపోవునట్లు దానిని చేయుదురు. కారు కాలువలోఁ బడినచో ఆ అద్దమే బయటపడు దారి. ఫిలిం అంటించిన గాజు పగిలినను ముక్కలు రాలక దానికే అంటియుండును. లోపలివారు త్రోసికొని బయటకు వచ్చుటకును, గట్టుమీఁదివారు లోపల ఎందఱున్నారో చూచి లాగుటకును ఆలస్యమగును. నీటిలో ఒక్క నిమిషమైనను చిన్నది కాదు. డెల్టాలో కాఁపురమున్న మనము ఈ మాటను జరిమానా కంటె ముందు తలఁపవలయును.

ఎండకు చేయఁదగినది

ఎండ బాధ నిజమే గనుక, చట్టమునకు లోఁబడిన ఉపాయములను సభ్యులకు తెలుపుచున్నాము.

1. కొత్త కారు కొనునప్పుడే కర్మాగారములో వేఁడిని తగ్గించునట్లు చేయఁబడిన అద్దములు గల రకము నడుగవలయును.

2. నిలిపియున్నప్పుడు ముందు అద్దము లోపల వెండి రంగు అట్టను నిలిపి, బయలుదేరునప్పుడు తీసివేయవలయును. వీలున్నంతవఱకు చెట్టునీడను నిలుపవలయును.

3. ఎక్కఁగనే తలుపులు రెండు నిమిషములు తెఱచియుంచి వేఁడిగాలిని పోనిచ్చి, పిమ్మట ఏ.సీ. వేసికొనవలయును.

4. పాత కారు కొనువారు, పూర్వపు యజమాని వేయించిన ఫిలిం తమకు సంబంధింపదని తలఁపరాదు. పట్టుపడునాఁడు ప్రశ్న నడపువానికే. బేరము కుదుర్చుకొనునప్పుడే తీయించుమని అడుగవలయును. వేఁడిగాలి పట్టించి సబ్బునీటితో తీసిన ఫిలిం శుభ్రముగా వచ్చును. వెనుక అద్దముపై సన్నని వేఁడి తీఁగలున్నచో బ్లేడు తగులనీయరాదు.

5. పగిలిన అద్దమును మార్పించునప్పుడు మూలను ఐ.ఎస్.ఐ. గుర్తు ఉన్నదో లేదో చూచుకొనవలయును. గుర్తు లేని గాజు చౌకగా దొరికినను కొనరాదు.

ఆటోనగర్ పనివారు లారీ బాడీలు కట్టుటలోను, మరమ్మతులలోను ఆరితేఱినవారు. మనము అడిగినది వారు చేయుదురు. అడుగువారిదే బాధ్యత. "ఎంత నల్లఁగా వేయుదురు?" అని అడుగుటకు బదులు "ఉన్న ఫిలిం తీయుదురా?" అని సభ్యులు అడుగఁగోరుచున్నాము. అద్దముగుండ దారి కనఁబడుటయు, దారివారికి మనము కనఁబడుటయు క్షేమప్రయాణమునకు మొదటి మెట్టు.