కెమెరా కొనే ముందు.. మీ చెయ్యి చూసుకోండి!

కెమెరా కొనాలి అనుకోగానే మనం చేసే మొదటి పని ఏంటి? యూట్యూబ్ ఓపెన్ చేసి రివ్యూలు చూడటం. మెగాపిక్సెల్స్ ఎన్ని, ఫోర్‌కే వీడియో వస్తుందా, ఆటోఫోకస్ పక్షి కన్నుని పట్టుకుంటుందా.. వారం రోజులు ఇదే పని. ఇన్ని చూసినా ఒక్క ప్రశ్నకి మాత్రం జవాబు దొరకదు. అది మీ చేతిలో ఇముడుతుందా, లేదా? ఎలా దొరుకుతుంది చెప్పండి.. రివ్యూ చేసేవాడి చెయ్యి వేరు, మీ చెయ్యి వేరు!

ఇదేదో చిన్న విషయం అనుకోకండి. ఈఎంఐ మీద కొన్న కెమెరా, వాయిదాలు తీరకముందే బీరువాలో బట్టల కిందికి చేరిందంటే కారణం చాలాసార్లు ఫోటో క్వాలిటీ కాదు. బరువు. పట్టు కుదరకపోవడం. ‘ఎందుకులే, ఫోన్ ఉందిగా’ అని ఒకసారి ఇంట్లో వదిలేసి వెళ్తే, ఇక అది ఇంట్లోనే ఉండిపోతుంది.

వికారాబాద్ జిల్లా పూడూరు వైపు ఉండేవాళ్లకి ఈ సంగతి ఇంకా బాగా తెలియాలి. ఎందుకంటే అక్కడ ఫోటోలు తీయాలంటే నడవాలి. మండలంలోనే దామగుండం అడవి ఉంది. ఇంకాస్త ముందుకెళ్తే అనంతగిరి కొండలు, మూసీ పుట్టిన చోటు, కోట్‌పల్లి ప్రాజెక్టు. మన్నెగూడ నుంచి చేవెళ్ల వైపు బీజాపూర్ రోడ్డు పట్టుకుంటే, రోడ్డు వెడల్పు గొడవతో వార్తలకెక్కిన మర్రిచెట్లు. దామగుండంలో నేవీ రాడార్ స్టేషన్‌కి 2024 అక్టోబర్ 15న రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. దాదాపు 2,900 ఎకరాల అటవీ భూమి దానికి వెళ్లింది. చుట్టుపక్కల ఇంకా కనిపించే నెమళ్లనీ, పాలపిట్టల్నీ ఫోటోల్లో దాచుకోవాలనుకునే కుర్రాళ్లు ఇక ఆలస్యం చేయకపోవడమే మంచిది. (కంచె, బోర్డు ఉన్న చోట మాత్రం కెమెరా బ్యాగులోనే ఉండాలి. రక్షణ శాఖ స్థలంతో ఆటలొద్దు.)

పక్షి ఫోటో అంటే తెల్లారకముందే బయల్దేరి మూడు నాలుగు గంటలు తిరగాలి. పాలపిట్ట తీగ మీద కూర్చుంటుంది. దాని అసలు నీలం రంగు కనిపించేది రెక్క విప్పినప్పుడే. ఆ ఒక్క క్షణం కోసం కెమెరాని కంటికి ఆనించి అలాగే నిలబడాలి. ఒక నిమిషం, రెండు నిమిషాలు.. చేయి లాగేసి కిందికి దించారా? సరిగ్గా అప్పుడే ఎగురుతుంది!

కాబట్టి ముందు బరువు లెక్క చూద్దాం. మన ఫోన్ సుమారు 200 గ్రాములు. కెనాన్ ఆర్50 లాంటి చిన్న మిర్రర్‌లెస్ బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 375 గ్రాములు. దానికి 55-210 జూమ్ లెన్స్ 270 గ్రాములు కలిపితే 645. అదే బాడీకి 100-400 లెన్స్ తగిలిస్తే కిలో దాటుతుంది. చాలామంది ఆశపడే 150-600 లెన్స్‌లైతే లెన్స్ ఒక్కటే రెండు కిలోలకి అటూఇటూ. మూన్ వీడియోలతో అందరి నోళ్లలో నానిన నికాన్ పీ1000 కూడా 1,415 గ్రాములు. లెన్స్ మార్చక్కర్లేదు కదా, తేలిగ్గా ఉంటుందేమో అనుకుంటే పొరపాటే.

అంకెలు చదివితే బరువు తెలియదు. ఓ పని చేయండి. వంటింట్లో కిలో కందిపప్పు ప్యాకెట్ ఉంటుంది కదా (తాండూరు కందిపప్పయితే ఇంకా మంచిది, జీఐ ట్యాగ్ ఉన్న సరుకు!). దాన్ని రెండు చేతులతో కళ్ల ముందు పట్టుకుని రెండు నిమిషాలు నిలబడండి. అమ్మ ఏమైనా అంటే అననివ్వండి. భుజం ఏమంటుందో వినండి.

అసలు కెమెరా చేతిలోకి రావడమే ఓ కథ. నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ పని మొదలుపెట్టిన రోజుల్లో అది చేత్తో పట్టుకునే వస్తువు కాదు. పెద్ద చెక్కపెట్టె, గాజు పలకలు, మూడు కాళ్ల స్టాండు. తర్వాత జర్మనీలో ఆస్కార్ బర్నాక్ అనే ఇంజినీరు వచ్చాడు. ఆయనకి ఉబ్బసం. ఫోటోలంటే పిచ్చి, కానీ ఆ బరువు మోస్తూ కొండలెక్కలేడు. అందుకని సినిమా ఫిల్మ్ పట్టేలా ఓ బుల్లి కెమెరా తయారు చేసుకున్నాడు. అదే 1925లో లైకా పేరుతో బయటికొచ్చింది. తన ఒంటికి ఏది సరిపోతుందో చూసుకున్న మనిషి చేసిన కెమెరా అది.

అలాగని చిన్నదల్లా సుఖంగా ఉంటుందనుకోవద్దు. ముందు భాగం చదునుగా, గ్రిప్ లేకుండా ఉన్న బుల్లి బాడీని వేళ్ల చివర్లతో గిల్లినట్టు పట్టుకోవాలి. దానికి పొడవాటి లెన్స్ పెడితే ముక్కు కిందికి వాలిపోతుంది. పెద్ద చేతులున్నవాళ్లకి అరకిలో బాడీయే హాయి. చిన్న చేతులున్న అమ్మాయిలకి అదే బాడీలో షట్టర్ బటన్ అందకపోవచ్చు.

షాపులో కెమెరా చేతికి రాగానే స్క్రీన్ వైపు చూడకండి, వేళ్ల వైపు చూడండి. చిటికెన వేలు గ్రిప్ మీద ఉందా, గాల్లో వేలాడుతోందా? మధ్య వేళ్ల కణుపులు లెన్స్‌కి ఒరుసుకుంటున్నాయా? చూపుడు వేలు సాగదీయకుండా షట్టర్ మీద వాలాలి. పట్టు వదలకుండానే బొటనవేలు వెనక చక్రాన్ని తిప్పగలగాలి. చివరిది చాలామంది చూడరు, కానీ రోజూ అవస్థ పెట్టేది అదే. ఎండలో చెమట పట్టిన చేతికి రబ్బరు గ్రిప్ కావాలి, నున్నటి ప్లాస్టిక్ జారుతుంది. కళ్లజోడు ఉంటే జోడుతోనే వ్యూఫైండర్‌లో నాలుగు మూలలూ కనిపిస్తున్నాయో లేదో చూడాలి. ఎడమచేతి వాటం వాళ్లూ, దిగులొద్దు. షట్టర్ కుడివైపే ఉంటుంది నిజమే, కానీ లెన్స్ బరువు మోసేది ఎడమ చెయ్యే!

మీరు వాడబోయే జూమ్ లెన్స్‌ని పెట్టించుకుని పట్టుకోవడం ముఖ్యం. షోకేస్‌లో ఉన్న కిట్ లెన్స్‌తో అన్ని కెమెరాలూ తేలిగ్గానే ఉంటాయి. ఎడమ అరచెయ్యి లెన్స్ కింద, రెండు మోచేతులూ పక్కటెముకలకి ఆనించి, కెమెరా నుదురుకి తాకేలా పట్టుకోండి. ఫోన్‌ని చేతులు చాచి తీస్తాం కదా, ఇక్కడ ముఖం కూడా ఓ ఆసరా. 250 ఎంఎం దగ్గర తీస్తుంటే షట్టర్ స్పీడు కనీసం 1/400 సెకను పెట్టండి. స్టెబిలైజేషన్ మీ చెయ్యి వణుకుని ఆపుతుంది కానీ, పిట్ట రెక్కల్ని ఆపదు.

కోఠి, అబిడ్స్ వైపు షాపులకి ఓ పూట కేటాయించుకుని, రద్దీ ఉండని ఉదయం వేళ వెళ్లండి. అంతకంటే మేలైన దారి.. నచ్చిన మోడల్‌ని ఒక రోజు అద్దెకి తీసుకుని అనంతగిరిలో తిరగడం. ఊళ్లో స్టూడియో అన్న దగ్గర పెళ్లిళ్ల కెమెరా ఉంటుంది, సీజన్ లేనప్పుడు అడిగితే ఓ గంట చేతికిస్తాడు. ఆన్‌లైన్‌లో తక్కువకి వస్తుందా? రండి, కొనండి. కానీ షాపులో పది నిమిషాలు పట్టుకుని చూశాకే. పెట్టెతో వచ్చే సన్నటి స్ట్రాప్ మాత్రం పక్కన పెట్టి, భుజం నుంచి అడ్డంగా వేసుకునే వెడల్పు స్ట్రాప్‌కి కాస్త డబ్బు ఉంచుకోండి. గంట నడిచాక మెడ మీకు థ్యాంక్స్ చెబుతుంది.