దారం గట్టిది, ఇల్లు బలహీనం

దివ్య ఖుర్ఆన్ 29వ సూరా పేరు ‘అన్‌కబూత్’. అంటే సాలీడు. అల్లాహ్‌ను వదలి ఇతరులను సంరక్షకులుగా ఆశ్రయించేవారి స్థితిని ఆ సూరా 41వ ఆయతు సాలీడు కట్టుకున్న ఇంటితో పోల్చింది. ఇళ్ళన్నిటిలోకీ బలహీనమైనది అదేనని తెలిపింది. ఇక్కడ బలహీనమన్న మాట ఇంటికే గాని దారానికి వర్తించదు. సాలీడు దారం అంతే బరువున్న ఉక్కు తీగకంటే దృఢమైనదని శాస్త్రజ్ఞులు కొలిచి చెబుతున్నారు. అయినా దానితో అల్లిన ఇల్లు ఎండను ఆపదు, వానను ఆపదు. చీపురు కొన తగిలితే చాలు, రాలిపోతుంది.

పెరటి పొదల మధ్య కనిపించే ఆర్గియోప్ అనే సాలీడును గమనించండి. ఎనిమిది కాళ్ళను జతలుగా చేర్చి, గుణకార చిహ్నంలా తలకిందులుగా వేలాడుతుంది. బండి చక్రపు ఆకుల్లా నడిమి నుండి సాగే పోగులు పొడిగా ఉంటాయి. వాటి మీదుగా చుట్లు తిరిగే పోగుకే జిగురు. పెద్దగా కనిపించేది ఆడది. మగది దానికంటే ఎంతో చిన్నది. జతకట్టేందుకు వచ్చి తరచు దానికే ఆహారమవుతుంది. పిల్లలు గుడ్ల సంచి నుండి వెలువడి, దారం వదలి గాలిలో తేలిపోతాయి. ఆయతు చెప్పిన బలహీనత ఈ కుటుంబ విచ్ఛిత్తేనని కొందరు వ్రాస్తుంటారు. ఆయతు ఉద్దేశం తౌహీద్. దానిని జీవశాస్త్ర పాఠంగా మార్చనక్కరలేదని నా అభిప్రాయం.

తోటలోని సాలీళ్ళు చాలావరకు పాత గూటిని తామే తినివేసి కొత్తది అల్లుకుంటాయి. ఇంట్లోని సాలీడు అలా కాదు. గోడ మూలల్లో సన్నని పొడవాటి కాళ్ళతో వ్రేలాడే ఆ ప్రాణి, తాకితే గూటితో సహా గడగడ ఊగుతుంది. ఆడది గుడ్లను నోట కరచుకొని మోస్తుంది. దోమలను పట్టి తింటుంది. కప్పు నుండి వ్రేలాడే బూజులో చాలా భాగం ఇటువంటివి వదలివెళ్ళిన గూళ్ళకు దుమ్ము పట్టగా ఏర్పడినదే.

రమజాన్‌కు ముందు ఇల్లు దులిపేటప్పుడు కొన్ని ఇళ్ళలో తర్జనభర్జన జరుగుతుంది. సౌర్ గుహ ముఖద్వారాన సాలీడు గూడల్లిందన్న ఉదంతాన్ని తలచుకొని దానిని చంపరాదని పెద్దలంటారు. ఆ ఉల్లేఖనపు ప్రామాణికతపై హదీసువేత్తలలో భిన్నాభిప్రాయాలున్నాయి. బూజు దారిద్ర్యం తెస్తుందన్న మాటకైతే ప్రామాణిక హదీసు ఆధారం కనిపించదు. పరిశుభ్రత కోసం బూజు దులపవచ్చు. సాలీడును గ్లాసుతో మూసి, అడుగున కాగితం జొనిపి, పెరట్లో వదలవచ్చు.

అసలు చిక్కు మరొకచోట ఉంది. ఒంటిపై మంటతో పొక్కులు లేస్తే ‘సాలీడు పాకింది’ అంటారు. మన ఇళ్ళలో గూళ్ళు అల్లే ఈ సాలీళ్ళు మనిషిపై పాకినంత మాత్రాన పొక్కులు రావు. చాలాసార్లు అది దీపానికి ఆకర్షితమై వచ్చే పెడెరస్ అనే చిన్న పురుగు ఒంటిపై నలిగి, దాని రసం అంటడం వల్ల కలిగే బాధ. ఆ పురుగు వాలితే నలపకుండా ఊదివేయాలి. రసం తగిలినచోట వెంటనే సబ్బుతో కడగాలి. ఛాతీకో నడుముకో ఒకవైపు మాత్రమే పట్టీలా, సలుపుతూ పొక్కులు వస్తే అది సర్పి కావచ్చు. పొక్కులు కనిపించిన 3 రోజుల లోపే మందులు మొదలుపెడితే మేలు. పసర్లు పూస్తూ ఆ 3 రోజులూ గడపకుండా, ముఖ్యంగా వృద్ధులను, వెంటనే వైద్యుని వద్దకు తీసుకువెళ్ళాలి.