పిట్ట కొంచెం, చూపు ఘనం

చౌకగా చిన్న ఉపగ్రహాలు చేసి పంపే విద్య భారత్‌కు పట్టుబడింది. వాటి సమాచారం ఏళ్ల తరబడి తెగకుండా అందేలా చూడడమే అసలు పరీక్ష.

శ్రీహరికోట నుంచి 2025 మే 18న బయల్దేరిన పీఎస్‌ఎల్‌వీ-సీ61 మూడో దశలో మొరాయించింది. దాంతో 1,696 కిలోల ఈఓఎస్-09 కక్ష్యకు చేరకుండానే పోయింది. మబ్బు పట్టినా, చీకటి పడినా నేలను చూడగల రాడార్ ఉపగ్రహమది. ఏళ్ల శ్రమ నిమిషాల్లో వృథా అయింది. భారీ ఉపగ్రహాలతో వచ్చే చిక్కే ఇది. ఒక్కటి పోతే, మరొకటి సిద్ధమయ్యేదాకా ఆ మేరకు చూపు కరువే.

చిన్న ఉపగ్రహాల వైపు మొగ్గు పెరగడానికి ఇదో కారణం. ఇస్రో 2024 ఆగస్టు 16న ఎస్‌ఎస్‌ఎల్‌వీ రాకెట్‌తో 475 కిలోమీటర్ల ఎత్తుకు పంపిన ఈఓఎస్-08 బరువు 175.5 కిలోలే. అందులోని మూడు పరికరాల్లో ఒకదాని పనితీరు ఆసక్తికరం. జీపీఎస్ వంటి నావిగేషన్ ఉపగ్రహాల సంకేతాలు రేయింబవళ్లూ భూమి మీద పడుతూనే ఉంటాయి. నేలనో, సముద్రాన్నో తాకి పైకి మళ్లిన ఆ సంకేతాలను ఈ పరికరం పట్టుకుంటుంది. సముద్రం నిశ్చలంగా ఉంటే అద్దం మీద పడ్డ వెలుగులా సంకేతం తేటగా తిరిగొస్తుంది. గాలికి అలలు లేస్తే చెదిరిపోతుంది. ఎంత చెదిరిందన్న దాన్నిబట్టి గాలి వేగం లెక్కగట్టవచ్చు. తడి నేల నుంచి సంకేతం బలంగా, పొడి నేల నుంచి బలహీనంగా మళ్లుతుంది కాబట్టి మట్టిలో తేమ కూడా అంచనాకు అందుతుంది. సొంతంగా తరంగాలు పంపే పని లేనందువల్ల పరికరం తేలిక, విద్యుత్ ఖర్చు స్వల్పం. వీధి దీపం వెలుగులో చదువుకోవడం లాంటిదన్నమాట.

ఇదే కిటుకుతో నాసా 2016 డిసెంబర్‌లో సిగ్నస్ పేరిట ఒక్కోటీ 30 కిలోల లోపుండే 8 ఉపగ్రహాలను పంపింది. తుపాన్లు పుట్టే ఉష్ణమండలం మీదే అవి తిరుగుతాయి. కుండపోత వానలోనూ గాలి వేగాన్ని కొలుస్తాయి. ఒక్కటే అయితే అదే చోటికి మళ్లీ రావడానికి చాలా సమయం పడుతుంది. 8 కలిసి సగటున 7 గంటలకోసారి చూడగలిగాయి. 2022లో ఒకటి మూగబోయినా మిగిలినవి పని కొనసాగించాయి.

చౌకదనం ఇచ్చే మరో వరం, తప్పు దిద్దుకునే వెసులుబాటు. రూ.169 కోట్లతో మంజూరైన ఎస్‌ఎస్‌ఎల్‌వీ పథకంలో తొలి ప్రయోగం 2022 ఆగస్టు 7న విఫలమైంది. రెండో దశ విడిపోయేటప్పుడు పుట్టిన కంపనాలకు సెన్సర్ల కొలతలు గాడి తప్పాయి. ఈఓఎస్-02తో పాటు 750 మంది విద్యార్థినులు పాలుపంచుకున్న ఆజాదీశాట్ కూడా పోయింది. లోపం సరిదిద్ది ఆరు నెలలకే, 2023 ఫిబ్రవరి 10న, రెండో ప్రయోగాన్ని గట్టెక్కించారు.

అలాగని చిన్నవాటితో అన్ని పనులూ కావు. 2025 జులై 30న ఎగిరిన నాసా-ఇస్రో ఉపగ్రహం నైసార్ బరువు 2,392 కిలోలు. సెంటీమీటర్ల స్థాయి భూకదలికలను పసిగట్టాలంటే దానికున్న 12 మీటర్ల యాంటెన్నా వంటిది కావాల్సిందే. చిన్నవి పెద్దవాటికి తోడే తప్ప బదులు కాదు.

అసలు సమస్య వేరే చోట ఉంది. ఈఓఎస్-08ను ఏడాది పాటు పనిచేసేలా రూపొందించారు. కొత్త పరికరాన్ని పరీక్షించడానికి ఆ గడువు చాలు. కరవు ముదురుతోందా లేదా తేల్చాలంటే మాత్రం పదేళ్ల కొలతలు వరుసగా ఉండాలి. ఈ విషయంలో మన చరిత్ర గొప్పదేమీ కాదు. 2008 ఏప్రిల్‌లో వెళ్లిన 83 కిలోల ఐఎంఎస్-1లో, కాంతిని పదుల కొద్దీ రంగులుగా విడదీసి చూసే హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ఉంది. ఆ తరహా కెమెరాతో భూమిని చూసే మరో ఇస్రో ఉపగ్రహం, హైసిస్, కక్ష్యకు చేరింది 2018 నవంబర్‌లో. ఉపగ్రహం చిన్నదే, ఎడం మాత్రం పదేళ్లు.

ఇప్పుడా ఖాళీలోకి ప్రైవేటు కంపెనీలు వస్తున్నాయి. బెంగళూరు సంస్థ పిక్సెల్ నాయకత్వాన, హైదరాబాద్‌కు చెందిన ధ్రువ స్పేస్ భాగస్వామిగా ఉన్న బృందం 12 భూపరిశీలన ఉపగ్రహాల పథకాన్ని 2025 ఆగస్టులో దక్కించుకుంది. ఐదేళ్లలో అవి పెట్టాల్సిన పెట్టుబడి రూ.1,200 కోట్లకు పైమాటే. ఇస్రో ఉపగ్రహాల చిత్రాల్లో 5 మీటర్లు, అంతకన్నా ముతకవి అందరికీ ఉచితమని 2023 అంతరిక్ష విధానం చెబుతోంది. కంపెనీల సమాచారమైతే కొనుక్కోవాలి. తుపాను ముంచెత్తే తీర మండలాలకు, వానలు ముఖం చాటేసే మెట్ట ప్రాంతాలకు ఆ బిల్లు కట్టేదెవరు? ప్రభుత్వమే ఏటా తప్పకుండా కొనే ఖాతాదారు అయితే తప్ప ఈ లెక్క కుదరదు.

చిన్న రాకెట్ల కోసం తమిళనాడులోని కులశేఖరపట్టణంలో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. ఎస్‌ఎస్‌ఎల్‌వీ తయారీ పరిజ్ఞానం పొందే పోటీలో 2025 జూన్‌లో హెచ్‌ఏఎల్ నెగ్గింది. అంటే పంపే దారి సిద్ధమవుతోంది. ఒక ఉపగ్రహానికి నిధులిచ్చే రోజునే, దాని తర్వాత వెళ్లాల్సిన దానికీ పద్దు రాసుకుంటేనే ఆ దారి రైతుకూ, జాలరికీ పనికొస్తుంది.