బస్సుల లీగు మనిషి

1977లో వచ్చిన ‘స్లాప్ షాట్’ సినిమాలో పాల్ న్యూమన్ ఓ చిన్న ఊరి ఐస్ హాకీ జట్టుకు ఆటగాడు, కోచ్ కూడా. ఆ పాత్ర ఉండే ఫ్లాటు సెట్టింగు కాదు. పెన్సిల్వేనియాలోని జాన్స్‌టౌన్‌లో, అక్కడి జెట్స్ జట్టుకు ఆడుతున్న ఇరవై ఒక్కేళ్ల కుర్రాడి ఇల్లది. ఆకుపచ్చ జెర్సీలో అతనూ తెర మీద కాసేపు మెరుస్తాడు. పేరు బ్రూస్ బూడ్రో.

నిజానికి అతను అక్కడ ఉండాల్సినవాడు కాదు. సొంతూరు టొరంటోలో, మార్ల్‌బరోస్ జూనియర్ జట్టు తరఫున 1974-75లో 68 గోల్స్ కొట్టి, 97 కొట్టించాడు. మొత్తం 165 పాయింట్లు, ఆ జూనియర్ లీగులో అప్పటికి రికార్డు. అంతటివాణ్ని అగ్రశ్రేణి లీగు ఎన్‌హెచ్‌ఎల్‌లోని మేపుల్ లీఫ్స్ క్లబ్బు, కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్టులో తీసుకున్నది మూడో రౌండులో, 42వ వాడిగా! ఫిలడెల్ఫియా ఫ్లయర్స్ ముష్టియుద్ధాలతో ఎన్‌హెచ్‌ఎల్ ట్రోఫీ అయిన స్టాన్లీ కప్పును వరసగా రెండుసార్లు ఎగరేసుకుపోయిన రోజులవి. పొట్టివాడి చేతి నేర్పు కన్నా పొడుగువాడి పిడికిలికే గిరాకీ. బూడ్రో పోటీ లీగులోని మినెసోటా ఫైటింగ్ సెయింట్స్‌కి వెళ్లాడు. ఆ క్లబ్బు కాస్తా సీజను మధ్యలోనే మూతపడింది.

తర్వాతి పదహారేళ్లూ అతని చిరునామా ఏ ఊరో చెప్పడం కష్టం. అమెరికా, కెనడాల్లో ఎన్‌హెచ్‌ఎల్ కింద ఏహెచ్‌ఎల్, ఇంకా కింద చిన్నాచితకా లీగులు ఉంటాయి. మన రంజీ ఆటగాడికి సెలక్టర్ల పిలుపు కోసం ఎదురుచూడటం తెలుసు గానీ ఇక్కడి తంతు వేరు. ఏహెచ్‌ఎల్ జట్టు పై లీగులోని ఏదో ఒక క్లబ్బుకు అనుబంధం. పైన ఒకడికి దెబ్బ తగిలితే కింద ఒకడికి ఫోను వస్తుంది. అతను కోలుకోగానే వీడు మళ్లీ బస్సెక్కాలి. అలా విడతలు విడతలుగా బూడ్రో ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడింది 141 మ్యాచులు. ఏహెచ్‌ఎల్‌లో 634 ఆడి 799 పాయింట్లు చేశాడు. ముప్పై మూడేళ్ల వయసులో ఆ లీగు మొత్తానికి టాప్ స్కోరర్. అయినా పై నుంచి ఫోను రాలేదు.

1992లో స్టిక్ పక్కనపెట్టి, మరీ కింది లీగులో కోచ్‌గా మొదలుపెట్టాడు. మస్కీగన్, ఫోర్ట్ వేన్, మిసిసిపీ, లోవెల్, మాంచెస్టర్... 1999లో మిసిసిపీ సీ వోల్వ్స్‌కి కెల్లీ కప్, 2006లో హెర్షీ బేర్స్‌కి ఏహెచ్‌ఎల్ ట్రోఫీ కాల్డర్ కప్ తెచ్చిపెట్టాడు. హెర్షీ అంటే ఆ చాక్లెట్ల ఊరే.

2007 నవంబరు 22. హెర్షీకి పై క్లబ్బు వాషింగ్టన్ క్యాపిటల్స్ అప్పటికి 21 మ్యాచుల్లో ఆరే గెలిచి లీగు అడుగున ఉంది. తాత్కాలిక కోచ్‌గా రమ్మని కబురు. బూడ్రోకి యాభై రెండేళ్లు. డ్రెస్సింగ్ రూములో కనిపించినవాళ్లు కొత్తవాళ్లు కాదు: మైక్ గ్రీన్, బ్రూక్స్ లైక్, థామస్ ఫ్లైష్‌మన్... హెర్షీలో తన చేతి కింద కప్పు గెలిచినవాళ్లే. ఎవడు తిడితే ఆడతాడో, ఎవడు భుజం తడితే ఆడతాడో అతనికి ముందే తెలుసు. పక్ దొరికితే ముందుకే పొమ్మన్నాడు. అలెగ్జాండర్ ఒవెచ్కిన్ ఆ సీజన్లో 65 గోల్స్ కొట్టాడు. జట్టు డివిజన్ గెలిచింది. ఉత్తమ కోచ్‌కిచ్చే జాక్ ఆడమ్స్ అవార్డు బూడ్రోకి దక్కింది.

ఇక రెండో వైపు. 2010లో క్యాపిటల్స్ పట్టికలో 121 పాయింట్లతో లీగులోనే మొదటి స్థానం. ప్లేఆఫ్స్ తొలి రౌండు ప్రత్యర్థి మాంట్రియల్, ఎనిమిదో సీడు. ఏడు మ్యాచుల సిరీస్‌లో 3-1 ఆధిక్యం. ఆరో మ్యాచులో మాంట్రియల్ గోలీ హాలాక్ 53 షాట్లు ఆపాడు. ఏడోది 2-1తో పోయింది. ఆ తర్వాత అనహైమ్ డక్స్‌లో నాలుగేళ్లు వరసగా డివిజన్ గెలిచి, నాలుగేళ్లూ సొంత మైదానంలో ఏడో మ్యాచే ఓడాడు. అప్పటికి ఎనిమిది ఏడో మ్యాచుల్లో గెలిచింది ఒక్కటే. ఇదంతా దురదృష్టమంటే నేనొప్పుకోను. ఈ రాత్రి ఓటమిని మరిచి రేపటి ఊరికి బస్సెక్కడం చిన్న లీగుల్లో బతకనేర్చిన విద్య. 82 మ్యాచుల సీజనుకు అంతకు మించిన విద్య లేదు. రేపన్నది లేని మ్యాచు దగ్గరే అది చాల్లేదనిపిస్తుంది.

మినెసోటా వైల్డ్‌కి కోచ్‌గా చేశాక, 2021 డిసెంబరులో వాంకూవర్ పిలిచింది. మొదటి తొమ్మిది మ్యాచుల్లో ఎనిమిది గెలుపులు. ‘బ్రూస్, దేర్ ఇట్ ఈజ్’ అంటూ జనం పాట కట్టేశారు. రెండో సీజన్లో జట్టు చతికిలపడింది. కోచ్‌ను మార్చడం క్లబ్బు హక్కే. కానీ వచ్చేవాడి పేరు వారాల తరబడి పత్రికల్లో నలుగుతుంటే, ఉన్నవాణ్ని బెంచి వెనక నిలబెట్టి ప్రశ్నలకు జవాబులు చెప్పించడం మర్యాద కాదు. 2023 జనవరి 21న ఎడ్మంటన్‌తో ఆఖరి మ్యాచు. స్టేడియం అదే పాట అందుకుంది, అతను కళ్లు తుడుచుకున్నాడు. మర్నాడు కొత్త కోచ్‌గా రిక్ టోకెట్‌ను ప్రకటించారు.

ఎన్‌హెచ్‌ఎల్‌లో 617 గెలుపులు, స్టాన్లీ కప్ సున్నా. కుర్రతనం నుంచీ బూడ్రోకి ‘గ్యాబీ’ అని పేరు, మన భాషలో వాగుడుకాయ. ఇప్పుడు టీవీల్లో విశ్లేషకుడు. మాట్లాడినందుకు ఎదురు డబ్బిచ్చే ఉద్యోగం!